తేలిగ్గా తిరిగిన ఇంజను

ఏమండీ,

మీరు పోయి ఇవాళ్టికి ఏడాది. మన బంటుమిల్లి బస్సుకి కొత్త పిస్టను రింగులు కొనిచ్చి, ఇంజను బాగుచెయ్యమని గుడివాడ మెకానిక్కుకి అప్పగించాను. పొద్దున తెచ్చాడు. ఇంజను స్టార్టు చెయ్యడానికి మీరు వేయించిన పెద్ద సెల్ఫు మోటారు లేదు, చిన్నది బిగించి ఉంది.

“ఇంజను ఇప్పుడు తేలిగ్గా తిరుగుతోందండీ అమ్మగారూ. ఈ చిన్నది చాలండీ.”

ఆ తేలికే నాకు అనుమానం. సీటు కింది హ్యాండిలు తీసి, బస్సు ముందు దూర్చి ఇంజను నేనే తిప్పాను. ఒంటిచేత్తో తిరిగింది. మీ రెండు చేతులకే లొంగేది కాదుగా అది. రింగులు బిగువుగా ఉంటే లోపలి గాలి ఎదురు తన్నేది. ఇప్పుడు ఆ గాలి జారిపోతోంది. ఈ బలంతో జనాన్ని ఎక్కించుకుని కాలవ వంతెన ఎక్కుతుందా?

“పాత రింగులే మళ్లీ వేశావు. కొత్తవి ఎక్కడ నాయనా?”

అతను నేల చూపులు చూశాడు. “ఇవన్నీ మీకెవరు చెప్పారండీ?”

ఎవరూ చెప్పలేదు. సెల్ఫు వేయించకముందు ఆ హ్యాండిలు ఎదురు తన్నినప్పుడల్లా మీ మణికట్టుకి పసుపూ సున్నం పట్టు వేసింది నేనే కదండీ.

ఇవాళ నా చేతికి ఏ నొప్పీ లేదు. అదే నాకు నచ్చలేదు.