కొలత పెట్టిన ఆకు

తంబొరిల్, సోమవారం

అమ్మా, దీవించు.

ఈ ఉత్తరం పుయెర్తో ప్లాతా బస్సు నడిపే నీనో చేతికి ఇస్తున్నాను. అక్క గదిలో తలుపు వేసుకుని చదువు. ఫోను చేద్దామంటే అది అక్క అత్తగారి హాల్లో ఉంది. నువ్వు "ఆఁ, ఆఁ" అంటుంటే చుట్టూ నలుగురు చేరి నీ ముఖంలోకి చూస్తారు. పైగా ఇలాంటివి నోటితో చెప్పడం నాకు రాదు.

నాన్న కాలి సంగతి నీకు అబద్ధం చెప్పాం. నువ్వు బయల్దేరిన రోజు నాన్న కుంటుతుంటే కొత్త చెప్పు కరిచిందన్నాం కదా. చెప్పు కరవలేదు. చిటికెన వేలు అప్పటికే నల్లబడింది. అక్కకి కోత పడి బిడ్డ పుట్టింది, అమ్మ అక్కడ ఉండాలి, ఈ మాట తెలిస్తే ఉండదు అని నాన్న నా నోరు కట్టేశాడు. నేనూ కట్టుకున్నాను. తప్పో ఒప్పో నాకు తెలియదు. ఇక మోయలేక రాస్తున్నాను.

సాంతియాగోలో డాక్టర్ ఉరేన్యా అనే ఆవిడకి చూపించాం. కాలికి రక్తం తీసుకెళ్ళే నాళం ఇరుకైపోయిందట. పక్కనుంచి కొత్త దారి కుట్టవచ్చు. కానీ పొగ తాగే మనిషికి ఆ దారి కూడా మూసుకుపోతుంది కనక, పూర్తిగా మానితేనే కుడతానన్నారు. మానకపోతే మోకాలి కింద తీసేయాలి. ఆవిడ ఈ మాట మామూలుగా, కళ్ళజోడు తుడుచుకుంటూ చెప్పారు. నాన్న టోపీ ఒళ్ళో పెట్టుకుని, "అమ్మా డాక్టరమ్మా, నేను చుట్టలు చేసేవాణ్ణి. చేపని నీళ్ళు మానమంటారా?" అన్నాడు. ఆవిడ నవ్వలేదు.

ఒక పెట్టె పట్టీలు ఇచ్చారు. గాయానికి వేసే పట్టీల్లాగే ఉంటాయి, చర్మం రంగులో. పొద్దున్న ఒకటి ఒంటికి అంటించుకుంటే పొగాకులో ఉండే మందు చర్మంలోంచి కొంచెం కొంచెంగా దిగుతుంది. దానివల్ల చుట్ట మీద యావ తగ్గుతుంది. లోపలి కాగితం ఇంగ్లీషులో ఉంటే నేను పనిచేసే స్కూలు లైబ్రరీలో సిస్టర్ ఫిదేలా నా పక్కన కూర్చుని చదివి చెప్పారు. పట్టీ ఉండగా పొగ తాగితే మందు రెండింతలై వాంతులు, కళ్ళు తిరగడం, గుండె దడ, చల్లని చెమట వస్తాయట. ఈ వాక్యం నా తలలోంచి పోవడం లేదు.

నాన్న పట్టీని చొక్కా లోపల భుజానికి వేసుకుంటున్నాడు, ఎవరికీ కనబడకుండా. ఫ్యాక్టరీలో అందరి నోట్లోనూ చుట్ట ఉంటుంది, ఒక్క నాన్న నోట్లోనే పుల్ల. బల్ల దగ్గర నాన్నకి జతగా పనిచేసే ఆవిడ, చేలో, నీకు తెలుసుగా. నాన్న లోపలి ఆకులు పేర్చి ఇస్తే పైఆకు చుట్టేది ఆవిడే. "ఎలిహియో, మఠంలో చేరుతున్నావా? మీ కాసిల్దా చేరుతుందనుకున్నాం" అందట. నాన్న ఇంటికొచ్చి ఆ మాట చెప్పి నవ్వాడు. 

నువ్వు వెంటనే రావద్దు. అక్కకి జ్వరం తగ్గనీ. ఆపరేషన్ తేదీ వచ్చే పరీక్ష మీద ఆధారపడి ఉంది. ఒక గొట్టంలోకి ఊదితే, మనిషి ఈ మధ్య పొగ తాగాడో లేదో ఆ యంత్రం చెప్పేస్తుందట.

నీ కూతురు,
కాసిల్దా


తంబొరిల్, శుక్రవారం

అమ్మా, దీవించు.

నీ జవాబు నీనో ఇచ్చాడు. కోపంగా రాస్తావనుకున్నాను. "మీ నాన్నకి అన్నం పెట్టు, అనుమానం పెట్టకు" అని మాత్రం రాశావు. ఆ మాట ఆలస్యంగా అందింది.

నాన్న బుధవారం పెరట్లో కూలబడ్డాడు. ముఖం సున్నంలా పాలిపోయింది. తిన్నదంతా కక్కాడు. నాడి పట్టుకుంటే నా వేళ్ళ కింద కోడిపిల్ల గుండెలా కొట్టుకుంటోంది. ముట్టుకుంటే చల్లగా, తడిగా ఉన్నాడు. అమ్మా, కాగితంలో ఉన్నవన్నీ, ఒక్కటి తప్పకుండా. నానమ్మ పుదీనా నీళ్ళు తాగించి, ఎండ దెబ్బ అంది.  లోపలికి వెళ్ళి మేకుకి వేలాడుతున్న నాన్న చొక్కా వాసన చూశాను. వాసన ఉంది. ఆ చొక్కాకి ఎప్పుడూ ఉంటుంది, అది రుజువు కాదని తెలుసు. అయినా జేబులో చెయ్యి పెట్టాను. లోపల మంచి ఆకు, మడిచి, తడిగుడ్డలో చుట్టి ఉంది.

గురువారం మధ్యాహ్నం భోజనానికి వచ్చినప్పుడు ఆ ఆకు నాన్న పళ్ళెం పక్కన పెట్టాను. నానమ్మ పక్కవీధిలో చనిపోయినావిడ ప్రార్థనలకి వెళ్ళింది. ఇంట్లో మేమిద్దరమే. నాన్న అన్నంలో చిక్కుళ్ళ పులుసు పోసుకుంటున్నాడు. ఆకు చూసి చెయ్యి ఆపాడు.

"జేబులు వెతికావా?" అన్నాడు.

అవునన్నాను. ఇది ఎవరికని అడిగాను.

"మా అమ్మకి."

నానమ్మ తన చిలుములో కొట్టులో కోసిచ్చే ముద్ద పొగాకు తప్ప ఇంకేదీ వేయదని ఈ వీధిలో పిల్లలకి కూడా తెలుసు. ఫ్యాక్టరీ ఆకు చప్పగా ఉంటుందని తిడుతుంది కూడా. అందుకే నాకు ఒళ్ళు మండింది. జీవితంలో మొదటిసారి నాన్న ముందు గొంతు పెంచాను. "కాలు పోతే పోయింది, అబద్ధం కూడా ఎందుకు?" అన్నాను.

 నాన్న చెంచా పళ్ళెంలో పెట్టి, టోపీ తీసుకుని, తినకుండా పనికి వెళ్ళిపోయాడు. అప్పటినుంచి నాతో మాట లేదు. నేను మంచినీళ్ళు ఇస్తే తీసుకుంటాడు, నా వైపు చూడడు. నేను తలుపు దగ్గర నిలబడి ఆయన ఊపిరి వింటున్నాను, దగ్గు లెక్కపెడుతున్నాను. బడిలో పిల్లలు పుస్తకాలు తిరిగి ఇస్తుంటే తేదీ ముద్ర తలకిందులుగా వేస్తున్నాను.

సిస్టర్ ఫిదేలాకి అంతా చెప్పాను. ఒక నిర్ణయానికి వచ్చాను, అదే నీకు చెప్పాలి. సోమవారం పరీక్షకి ముందే డాక్టర్‌కి నేనే చెప్పేస్తాను, నాన్న తాగుతున్నాడని. రెండు రోజులు తాగకుండా వెళ్తే యంత్రం కూడా పట్టుకోలేకపోవచ్చు. కానీ నిజం దాచి ఆపరేషన్ చేయించుకుంటే, ఆ కుట్టిన దారి కూడా మూసుకుపోతే, అప్పుడు ఇంకా పైనుంచి కోయాలి. చెబితే తేదీ పోవచ్చు. చెప్పకపోతే కాలే పోవచ్చు. సిస్టర్ జపమాల వేళ్ళకి చుట్టుకుంటూ, "నీకు తెలిసింది చెప్పు. నువ్వు అనుకున్నది చెప్పకు" అన్నారు. నాకు ఆ రెండూ వేరుగా కనబడటం లేదమ్మా.

నాకోసం ప్రార్థించు. నాన్నకోసం ఎక్కువ ప్రార్థించు.

కాసిల్దా


తంబొరిల్, మంగళవారం

అమ్మా, దీవించు. ముందుగా చెప్పేస్తున్నాను: నాన్న తాగలేదు. ఒక్క దమ్ము కూడా లేదు. ఇప్పుడు కూర్చుని మిగతాది చదువు.

నిన్న ముగ్గురం సాంతియాగో వెళ్ళాం. నానమ్మ నేనూ వస్తానని మంకుపట్టు పట్టి, ఆదివారం చర్చికి కట్టుకునే తెల్లబట్టలు కట్టుకుంది. డాక్టర్ గదిలోకి వెళ్ళగానే, ధైర్యం పోకముందే అన్నట్టు, నేను కూర్చోకుండానే చెప్పేశాను. "డాక్టర్, మా నాన్న చుట్ట తాగుతున్నాడు." నా గొంతు నాకే పరాయిదిలా వినిపించింది. నాన్న నేలకేసి చూశాడు. నానమ్మ నా మోచేతి మీద గిల్లింది, ఇప్పటికీ నల్లగా ఉంది.

డాక్టర్ గొట్టం అందించారు. నాన్న ఊపిరి బిగబట్టి ఊదాడు. ఆవిడ అంకె చూశారు, మళ్ళీ ఊదించారు. "ఈ ఊపిరిలో పొగ లేదు. మీ అమ్మాయికి ఎవరు చెప్పారు?" అన్నారు. నేను వాంతులు, దడ, చెమట అన్నీ ఏకరువు పెట్టాను. ఆవిడ కుర్చీ దగ్గరికి జరుపుకుని నాన్న గడ్డం పట్టుకుని ముఖం వెలుగులోకి తిప్పారు. రెండు కణతల మీదా గోధుమరంగు మచ్చలు, గుండ్రంగా.

"ఇదేమిటి?"

"ఆకు," అంది నానమ్మ, గర్వంగా. "చుట్ట మానిన దగ్గర్నుంచి వీడికి తల పగిలిపోతోంది. మరి మీరు తలకి ఏమీ ఇవ్వలేదుగా. రమ్ములో తడిపి నేనే అంటిస్తున్నాను. కాలికి కూడా చుట్టాను, వాపు లాగుతుందని."

డాక్టర్ కాలి కట్టు విప్పారు. గుడ్డ కింద, పిక్క చుట్టూ, మంచి రకం ఆకులు, చుట్టకి పైఆకు వేసినంత నీటుగా పేర్చి ఉన్నాయి.

అమ్మా, నేను అది చూడలేదా? రోజూ చూశాను. ఆ ఆకులు తడపడానికి రమ్ము సీసా అందించింది నేనే. మన ఊళ్ళో తలనొప్పి వస్తే కణతలకి ఆకు అంటించుకోని ఇల్లు ఎక్కడుంది? నాకు జ్వరం వస్తే నువ్వు పెట్టలేదూ? అది పొగాకు అని నా బుర్రకి తట్టలేదు. నాన్నకీ తట్టలేదు. పొగాకంటే తాగేది. ఇది మందు. జేబులో దొరికిన ఆకు నిజంగానే "మా అమ్మకి."

డాక్టర్ కళ్ళు మూసుకుని తెరిచారు. ఆకుని కాల్చి పీల్చినా, తడిపి అంటించినా ఒంట్లోకి వెళ్ళేది ఒకటేనని, నాన్నకి పట్టీతో పాటు రోజంతా ఆకు కూడా ఎక్కుతోందని, ఈ గుండె దడతో మత్తు ఇచ్చి ఉంటే ప్రమాదమని చెప్పారు. నానమ్మ వదల్లేదు.

"అయితే నీ పట్టీలో ఉన్నదీ ఆకేగా తల్లీ. నీది మందూ, నాది విషమూనా?"

"నాది కొలత పెట్టిన ఆకు, పెద్దమ్మా. మీది ప్రేమకొద్దీ పెట్టింది. ప్రేమకి కొలత ఉండదు కదా."

  నానమ్మ, ఆకు బదులు కణతలకి బంగాళాదుంప చక్రాలు పెట్టుకోవచ్చా అని అడిగింది. పెట్టుకోవచ్చన్నారు. గురువారానికి ఆపరేషన్ తేదీ రాశారు. తిరుగు బస్సులో నానమ్మ దారి పొడుగునా కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఏడుస్తోందని నాకు తెలుసు, పలకరిస్తే తిడుతుందనీ తెలుసు.

ఇంటికొచ్చాక పెరట్లో నాన్న దగ్గరికి వెళ్ళి క్షమించమన్నాను. కుర్చీ గోడకి వాల్చుకుని కూర్చున్నాడు. నోట్లో పుల్ల ఈ వైపు నుంచి ఆ వైపుకి మార్చాడు.

"నువ్వు ఆకు పళ్ళెం పక్కన పెట్టావు చూడు, ఆ మధ్యాహ్నం ఫ్యాక్టరీలో చుట్ట వెలిగించాను," అన్నాడు.

నేను కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నాను.

"ఇంట్లో ఎలాగూ దొంగనే. దొంగతనం చేస్తే పోయేదేముంది అనిపించింది. నోటిదాకా తెచ్చాను. చేలో లాక్కుని నీళ్ళడబ్బాలో పడేసింది. 'సగం పని నీది, సగం నాది. ఒంటికాలి వాడితో నేను జత కట్టను, చెబుతున్నా' అంది." పుల్ల తీసి పారేసి, "ఆవిడ అడ్డుపడకపోతే ఇవాళ నువ్వు డాక్టర్‌తో చెప్పింది నిజమయ్యేది," అన్నాడు.

కోపంతో అనలేదమ్మా. వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పాడు. అందుకే నాకు ఇంత భయమేసింది. ఆయన్ని కాపాడుతున్నాననుకుంటూ నేనే ఆయన చేతికి అగ్గిపుల్ల ఇచ్చాను.

ఈ పొద్దున్న చొక్కా విప్పి కుర్చీలో వెనక్కి తిరిగి కూర్చున్నాడు. పట్టీ నా చేతికిచ్చాడు. "వీపు మీద, నా చెయ్యి అందని చోట పెట్టు. యావ ఎక్కువైతే పీకి పారేసి తాగాలనిపిస్తుంది," అన్నాడు. నాన్న వీపు నేను అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. అరచేత్తో అదిమిపట్టి ఉంచాను. కాగితంలో అలాగే రాసి ఉంది.

కాసిల్దా


సాంతియాగో, ఆసుపత్రి వరండా, శుక్రవారం

అమ్మా, దీవించు.

నువ్వు శనివారం వస్తున్నావని నీనో చెప్పాడు. అందుకే ఇది చిన్న ఉత్తరం. బస్సులో ఊరికే భయపడుతూ రాకుండా ఉండటానికి.

చిటికెన వేలు తీసేశారు. అది ఆగేది కాదట. కాలు ఉంది. పొద్దున్న డాక్టర్ దుప్పటి ఎత్తి నన్ను ముట్టుకోమన్నారు. నాకు ధైర్యం రాలేదు. ఆవిడే నా చెయ్యి పట్టుకుని పాదం మీద పెట్టారు. వెచ్చగా ఉంది. నీ చేతిలా వెచ్చగా. ఈ దారి ఎన్నాళ్ళు తెరిచి ఉంటుందని అడిగాను. "అది నా కుట్టు మీద సగం, ఆయన నోటి మీద సగం," అన్నారు. నానమ్మ వార్డులో అన్ని మంచాల దగ్గరా ఆగి, ఎవరి కణతల మీద ఏముందో చూస్తూ, ఆకు ఉన్నవాళ్ళని తిడుతోంది. నర్సులు రెండుసార్లు బయటికి పంపారు. చేలో వచ్చి, నాన్న లేక బల్ల దగ్గర ఒంటరిగా ఉన్నానని చెప్పకుండా, పని వెనకబడిందని మాత్రం చెప్పి వెళ్ళింది.

నాన్నకి మత్తు దిగేటప్పుడు నేను పక్కనే ఉన్నాను. పెదాలు కదిలితే నీళ్ళు కావాలేమోనని వంగాను. "ఒక చుట్ట ఇవ్వు," అన్నాడు.  నేను చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. ఇంకాసేపటికి కళ్ళు తెరిచాడు, నన్ను గుర్తుపట్టాడు.

"అడుగుతాను," అన్నాడు. "రోజూ అడుగుతాను. ఇవ్వకు."

నీ కూతురు,
కాసిల్దా