అద్దంలో కనబడే చోట

దక్షిణ టెక్సస్
డిసెంబరు మొదటి వారం

బంగారు చెల్లి హెట్టీకి,

నాలుగు రోజులుగా దక్షిణపు గాలి వీస్తోంది. సముద్రం మీంచి వస్తుంది కనుక చలి లేదు, కానీ ఉతికిన బట్టలు ఎండడం లేదు. పొద్దున్న పెరట్లో పంపరపనస కాయలు కోశాను. చెట్టు ఒకటే అయినా మా ఇద్దరికీ, పక్కింటామెకీ పోను ఇంకా మిగిలాయి. తరువాత వంటింటి కిటికీకి తెర కుట్టాను. మధ్యాహ్నం, ఇన్నేళ్ళూ మేం కాపురం చేస్తూ తిరిగిన మా ఇంటిబండిలో మిగిలిన గిన్నెలు మోసుకొచ్చి అలమరలో సర్దాను. డెల్బర్ట్ బండి బ్యాటరీలు చూసొస్తానని వెళ్ళాడు. ఇంకా రాలేదు.

ఫోనులో నా మాట నీకు సగం వినబడదు. మిగతా సగం నువ్వు చెప్పనివ్వవు. అందుకే ఉత్తరం.

"నత్తలాగా ఇల్లు వీపున వేసుకుని ఎన్నాళ్ళు తిరుగుతావే అక్కా" అని ఎప్పుడూ దెప్పేదానివి కదా. ఇక దెప్పడానికి నీకేమీ మిగల్లేదు. రెండు గదులు, ఒక వరండా, కదలని నేల. ఒకే కప్పు కింద రెండు ఇళ్ళు, మధ్యలో ఒక గోడ. అవతలి వైపు ఆర్డిస్ అనే మిన్నెసోటా ముసలావిడ ఉంటుంది. ఈ కాలనీలో యాభై అయిదు దాటినవాళ్ళకే ఇళ్ళిస్తారు. మమ్మల్ని చూసి "కుర్రవాళ్ళు వచ్చారు" అన్నారు.

మీ ఆయన క్లిఫ్టన్ మా బండి ఇక్కడిదాకా నడిపి బస్సులో తిరిగి వచ్చాడు. ఆ మేలు మరచిపోను. దారిలో అతను అడిగాడు: "వదినా, మీ నాన్న గింజల లారీ నువ్వే నడిపేదానివట. ఇది నడపలేవా?" అని. ఆ సీటు డెల్బర్ట్‌ది. నాది పక్క సీటు, పటం పట్టుకునే పని. ఏ మకాములోనైనా బండి వెనక్కి తీసి నిలిపేటప్పుడు నేను దిగి ఎడమ వెనక మూలన నిలబడతాను. రెండు చేతులతో పిలిస్తే రమ్మని, ఒక చెయ్యి చూపితే ఆ వైపు తిప్పమని, పిడికిళ్ళు తల మీద అడ్డంగా పెడితే ఆగమని. కేకలు వెయ్యం. కేకలు వేసుకునే మొగుడూ పెళ్ళాలను మకాములో అందరూ కుర్చీలు వేసుకుని చూస్తారు. ఒక్కటే నియమం: అద్దంలో మనిషి కనబడకపోతే బండి ఆపెయ్యాలి.

ఆగస్టులో డెల్బర్ట్ కళ్ళ గురించి డాక్టరు చెప్పింది నీకు తెలుసు. ఎదురుగా ఉన్నది మసక, పక్కన ఉన్నది కొంచెం నయం. డెల్బర్ట్ ఆసుపత్రి గుమ్మంలోనే తాళాలు నా చేతిలో పెట్టాడు.

నవ్వుతావనుకుంటే ఒకటి చెప్తాను. పోయిన ఆదివారం చర్చికి వెళ్తూ గోడ పక్కనున్న నీళ్ళ కొళాయి కట్టేశాను. బండి వదిలి ఎక్కడికి వెళ్ళినా నీళ్ళు కట్టేసి వెళ్ళడం మా అలవాటు. గొట్టం పగిలితే ఇల్లంతా చెరువవుతుంది. తిరిగొచ్చేసరికి ఆర్డిస్ మా మెట్ల మీద స్నానం కోటు వేసుకుని కూర్చుంది. తల నిండా ఎండిపోయిన సబ్బు నురుగు.

"రెండిళ్ళకీ ఒకటే కొళాయి. ఆ సంగతి ఎవరూ చెప్పలేదా?" అంది.

"లేదండీ. ఇంతసేపూ ఇలాగే ఉన్నారా?"

"ఎనభై దాటాయి నాకు. సబ్బు పూసుకుని పోతే ఎంత నున్నగా పోతానో చూద్దామని కూర్చున్నా."

డెల్బర్ట్ పడీపడీ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఈ అలవాట్లు తొందరగా మానుకోవాలి. అలమరలో కప్పులకు రబ్బరు పట్టీలు కూడా వేశాను, దొర్లకుండా. ఈ ఇల్లు ఏ మలుపు తిరిగి దొర్లిస్తుందని?

క్లిఫ్టన్‌ను అడిగానని చెప్పు.

నీ అక్క,
వెల్డా


జనవరి నెలాఖరు

చెల్లీ హెట్టీ,

గాలి ఉత్తరానికి తిరిగింది. మంచు పడుతుందన్నారని నిన్న చెట్టుకు పాత దుప్పట్లు కప్పాం. ఇవాళ అవి తీసి దులిపి ఆరేశాను. కొన్ని కొమ్మలు నల్లబడ్డాయి, చెట్టుకేమీ కాలేదు. ఆర్డిస్‌తో కలిసి కాయలు ఒలిచి మురబ్బా కాచాం. చేతులు ఇంకా చేదుగా ఉన్నాయి.

పోయిన ఉత్తరంలో ఒక మాట రాయలేదు. డెల్బర్ట్ ఇంట్లో పడుకోవడం లేదు.

మొదట మూడు నాలుగు రోజులు పడుకున్నాడు. ఆ తరువాత భోజనం కాగానే టార్చి పట్టుకుని కాలనీ వెనకాల బండ్ల దొడ్డికి వెళ్ళిపోతున్నాడు. పొద్దున్న కాఫీ వేళకు వస్తాడు. పడకగదిలో కొత్త మంచం కొన్నాం. ఇద్దరం పడుకుని ఇంకొకరికి చోటివ్వవచ్చు, అంత మంచం. దానికి ఒక పక్కే నలుగుతోంది. ఆర్డిస్ అడిగితే, గురక పెడతాడని అక్కడికి పంపుతున్నానని చెప్పాను. "గోడకి ఇవతల నుంచి నాకు గురకేమీ వినబడలేదే" అంది. అని ఊరుకుంది.

ఊరుకోనివాడు ప్రూయిట్ గారు. ఈయన కాలనీ సంఘానికి పెద్ద. సోమవారం తలుపు తట్టి, టోపీ తీసి చేత్తో పట్టుకుని, "వెల్డా గారూ, ఆ దొడ్డిలో బండ్లు పడుకోవచ్చు, మనుషులు పడుకోకూడదు. అది ఇక్కడి నియమం. నేను పెట్టింది కాదు" అన్నాడు. ఆయనే పెట్టాడని ఆర్డిస్ తరువాత చెప్పింది.

దొడ్డికి వెళ్ళాను. డెల్బర్ట్ బండిలో పరుపు మీద చెప్పులు విప్పి కూర్చుని రేడియో వింటున్నాడు.

"ఇల్లు కావాలని అడిగింది నేనే," అన్నాను. "నీ కళ్ళు బాగున్నప్పటి నుంచీ అడుగుతున్నాను. కోపం ఉంటే నా మొహం మీదే చెప్పు."

"కోపమేముంది?"

"మరి ఇక్కడేం చేస్తున్నావు?"

"ఇక్కడ బాగుంది."

"ఏం బాగుంది? కాళ్ళు చాపితే తలుపు తగులుతుంది."

"తగులుతుంది కదా. అదే బాగుంది."

అని రేడియో గొంతు పెంచాడు. నాకు ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళు ఆయన ఎటు తిప్పితే అటు పోయాను. మంచుకొండల్లో, ఎడారిలో, కంకర దొడ్లలో. ఒక్క ఇల్లు అడిగితే, దాన్ని నాకు వదిలేసి తను బండిలో కాపురం పెట్టాడు. అలిగిన మనిషైతే బతిమాలతాం. ఈయన అలగలేదు. మామూలుగా ఉంటాడు, మామూలుగా తింటాడు, వెళ్ళిపోతాడు.

అందుకని ఒక నిర్ణయానికి వచ్చాను. బండి నా పేరున ఉంది. అమ్మేస్తాను. అయోవా నుంచి వచ్చిన హాస్కెల్ దంపతులు పోయిన శనివారం కాలనీలో పెట్టిన పాన్‌కేకుల ఫలహారం దగ్గర కలిశారు. వాళ్ళు తిరగడం మొదలుపెట్టబోతున్నారు, మంచి బండి కోసం చూస్తున్నారు. వచ్చే శనివారం వచ్చి చూడమన్నాను. డెల్బర్ట్‌కు చెప్పలేదు. బండి లేకపోతే ఇంటికే వస్తాడు. ఇంకెక్కడికి పోతాడు?

నువ్వు తప్పంటావు. అనుకో. ఈ ఉత్తరం నీకు చేరేసరికి అయిపోయి ఉంటుంది.

ఇంకొకటి. సాయంత్రాలు కాలనీ గేటు దాకా నడుస్తున్నాను. అక్కడి నుంచి పెద్ద రోడ్డు కనిపిస్తుంది. బండ్లు ఉత్తరానికి పోతుంటే ఏ రాష్ట్రం నంబరో చూస్తాను. ఊరికే, నడక కోసం.

నీ అక్క,
వెల్డా


మార్చి నెలాఖరు

మరదలు హెట్టీకి,

డెల్బర్ట్ రాయిస్తున్నాను. అక్షరాలు పక్కింటి ఆర్డిస్ గారివి. మాటలు నావి. మధ్యలో ఏమైనా తెలివైన మాట కనబడితే అది ఆమె కలిపిందని గ్రహించు.

గాలి మళ్ళీ దక్షిణం నుంచి వస్తోంది. చెట్లు పూతకొచ్చాయి, కాలనీ అంతా ఆ వాసనే. చలికాలానికి వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. నిన్న చెట్టు పాదులో నీళ్ళు పోశాను. వరండా ఊడ్చాను. ఊడ్చినచోటే ఊడ్చానని ఆర్డిస్ అంటోంది.

వెల్డా నీకు అంతా రాసిందని చెప్పింది. ఆ తరువాతి సంగతి నన్ను రాయమంది. తను రాయదట.

ఆ శనివారం హాస్కెల్ దంపతులు వచ్చారు. బండి అమ్మకం సంగతి నాకు అప్పుడే తెలిసింది. హాస్కెల్ బండి బయటికి తీసి చూపించమన్నాడు. దొడ్డిలో రెండు బండ్ల మధ్య ఇరుకుగా ఉంది. నడిపేవాళ్ళెవరూ లేరు. వెల్డా నా వైపు చూసిందో లేదో నాకు తెలియదు. తాళం తీసుకుని ఎక్కి, సీటు ముందుకు జరుపుకుంది. ఆ సీటు జరిగిన చప్పుడు నేనెన్నడూ వినలేదు.

బయటికి తీసి చూపించింది. వాళ్ళు లోపలా బయటా చూశారు. ఇక మళ్ళీ వెనక్కి పెట్టాలి. నేను వెళ్ళి ఎడమ వెనక మూలన నిలబడ్డాను, తను ఎప్పుడూ నిలబడే చోట. ఎదురుగా చూస్తే నాకు ఏమీ లేదు. తల పక్కకు తిప్పితే వెనక ఎర్ర దీపాలు కనబడ్డాయి. వాటిని చూసి చేతులు ఊపాను. కంచె దగ్గర నలుగురు కుర్చీలు వేసుకున్నారు. ఒక్కసారికే గీత గీసినట్టు లోపల పెట్టింది. కుర్చీల వాళ్ళు చప్పట్లు కొట్టారు.

హాస్కెల్ ధర అడిగాడు. "అమ్మను," అంది వెల్డా. హాస్కెల్ భార్యకు కోపం వచ్చింది. "మరి మమ్మల్ని ఎందుకు పిలిచారండీ?" అంది. "పిలిచినప్పుడు అమ్ముదామనే అనుకున్నాను," అంది మీ అక్క. వాళ్ళకు మురబ్బా సీసా ఇచ్చి పంపింది.

ఆ మధ్యాహ్నం సూపు తాగుతుంటే నాకు చెప్పక తప్పలేదు. కళ్ళు నేను ఒప్పుకున్న దానికన్నా పాడయ్యాయి. ఈ ఇంట్లో పడుకున్న మొదటి రోజుల్లో స్నానాలగదికని లేచి దారి తప్పాను. గది మధ్యలో చేతులు చాపితే ఏమీ తగల్లేదు. ఎటు నడవాలో తెలియక అక్కడే నేల మీద కూర్చున్నాను, తెల్లవారేదాకా. బండిలో అలా కాదు. ఎడం చేతికి పిడి, కుడి చేతికి పొయ్యి, కాళ్ళు చాపితే తలుపు. కళ్ళతో పనిలేదు.

వెల్డా చెంచా కింద పెట్టింది. "ముందే చెబితే నీ నోటి ముత్యాలు రాలిపోయేవా?" అంది.

"ఇంటి కోసం ఎన్నాళ్ళో అడిగావు. వచ్చాక, ఇందులో నేను నడవలేనని ఎలా చెప్పను?"

"నామీద కోపమనుకున్నాను."

"ఆ సంగతి తెలుసు."

"తెలిసీ ఊరుకున్నావా?"

"కోపమనుకుంటే నువ్వు తిడతావు. ఇది చెబితే ఏడుస్తావు. తిట్టడమే మేలు."

ఏడవలేదు. మర్నాడు ఆ పెద్ద మంచం ఆర్డిస్‌కు ఇచ్చేసింది. బండిలోని పిడులు విప్పుకొచ్చి నడవ పొడుగునా బిగించింది. చిన్న మంచం గోడకు ఆనించి వేసింది. కాళ్ళ దగ్గర అలమర పెట్టింది. పొయ్యికి ఎడమ పక్క కాఫీ డబ్బా, కుడి పక్క ఉప్పు, అచ్చం బండిలో ఉన్నట్టు. "ఇంత ఇల్లు కొని బండంత చేశాను," అంది. ఆ రోజు నుంచి ఇక్కడే పడుకుంటున్నాను. కాళ్ళు చాపితే అలమర తగులుతుంది. ప్రూయిట్ గారు వచ్చి చూసి సంతోషించి వెళ్ళారు.

నేను కుదురుకున్నాక తెలిసింది, కుదురుకోనిది ఎవరో. నాకు కళ్ళు లేవు గానీ చెవులున్నాయి. మీ అక్క రోజూ మధ్యాహ్నం దొడ్డికి వెళ్ళి బండి ఇంజను తిప్పి వస్తోంది. బ్యాటరీ కోసమని చెప్పేది. ఆ అబద్ధం నాదే, నాకు తెలియదా?

"కప్పులకు రబ్బరు పట్టీలు ఎవరు వేశారు?" అని ఒకరోజు అడిగాను.

"నేనే."

"నీళ్ళ కొళాయి ఎవరు కట్టారు?"

"అది ఎన్నిసార్లు ఎత్తుతావు?"

"ఇల్లు అడిగింది నువ్వే."

"అడిగాను," అంది. చాలాసేపు కప్పులు కడిగింది. "అడిగినన్నాళ్ళూ అది రాదనుకునే అడిగాను. ఇప్పుడు నీకు సరిపోయింది."

"అయితే నువ్వు వెళ్ళు," అన్నాను.

రెండు వారాలు వాదించింది. ఎవరు వండుతారంది. గుడ్లు నేను వేయించుకోగలను, మధ్యాహ్నం కాలనీలో భోజనం పెడతారు. పడిపోతే ఎవరు చూస్తారంది. ఆర్డిస్ పొద్దున్నే గోడ మీద కొడుతుంది, నేను తిరిగి కొడతాను. తిరిగి కొట్టకపోతే సబ్బుతో ఉన్నా సరే పరుగెత్తుకొస్తానంది. ఇక వెల్డా దగ్గర మాట లేకపోయింది. నిజానికి మాటల కోసం తను గట్టిగా వెతకలేదు.

ముందు నీ దగ్గరికే వస్తుంది. అక్కడి నుంచి ఎటు పోతుందో చెప్పలేదు. పంపరపనసలు కోతకు వచ్చేసరికి తిరిగి వస్తానంది. రాకపోయినా ఇల్లు ఎటూ పోదు.

నీకు ఒక పని చెప్పాలి. మీ కొట్టం పక్కన చోటు ఇరుకు. బండి వెనక్కి పెట్టేటప్పుడు క్లిఫ్టన్‌ను దూరంగా ఉంచు, అతను కేకలు వేస్తాడు. నువ్వు వెళ్ళి ఎడమ వెనక మూలన నిలబడు. నీకు చెవులు సరిగ్గా లేకపోయినా ఫరవాలేదు, ఇది చేతుల పని. రెండు చేతులతో పిలువు. ఆగమని చెప్పాలంటే పిడికిళ్ళు తల మీద అడ్డంగా పెట్టు. అద్దంలో ఆమెకు నువ్వు కనబడుతూ ఉండాలి. కనబడకపోతే ఆమె ఆపేస్తుంది, కంగారు పడకు, మళ్ళీ కనబడే చోటికి రా.

ఇక్కడ దొడ్డిలోంచి తీసేటప్పుడు నేను నిలబడ్డాను. ముందుకు పోయే బండికి వెనక మనిషి అక్కర్లేదు, అయినా నిలబడ్డాను.

గురువారం పొద్దున్న, ఆర్డిస్ గోడ కొట్టిన తరువాత, వెల్డా వెళ్ళింది.

మీ బావ,
డెల్బర్ట్