పటేల్ తోటలో విమానం

జహీరాబాద్, 1983 జూన్, శుక్రవారం రాత్రి

పటేల్ వేలంలో కొన్న పాత యుద్ధవిమానానికి ఈరోజు తోటలో పూజ చేశారు. కొత్త బండికి పెట్టినట్టే చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. ఇంజనే లేనిది వాటినెలా తొక్కుతుంది? కూలోళ్లమే నెట్టాం. పటేల్ కొడుకు లోపల కూర్చుని చేతులూపాడు.

దాని చక్రాన్ని మోసే ఇనుప కాలు విరిగితే వెల్డింగ్ చేసి నిలబెట్టింది నేను!

"పటేలా, జర నేను గూడ ఒక్కసారి కూసుంట" అన్నాను.

"నీ మసి సీటుకంటుతదిరా. కింద నిలబడే చూడు" అన్నాడు. అందరూ నవ్వారు.

కొడుకేమో, "లోపల ఉడుకవోస్తున్నది నాయినా, నాకొద్దు" అని దిగిపోయాడు. వాడికి వద్దంట!

రేపు రంగెయ్యడానికి రమ్మన్నారు. పోతే కడుపు మండుతుంది. పోకపోతే దాన్ని ఇంకొకడు ముట్టుకుంటాడు.