చెట్టు పక్కన మనిషి

పెద్దోడికి, నేను బాగానే ఉన్నాను. నన్ను అడక్కుండా నా సంగతి తేల్చేయడం నీకు మీసాలొచ్చిన నాటి నుంచీ ఉన్న రోగం. మా వడ్రంగి షెడ్డులో జపాను మిషను దిగింది. బిగించడానికొచ్చిన జపానాయన దాని బిళ్ల మీద అక్షరం చూపించి, ఈ సగం మనిషి, ఈ సగం చెట్టు అని సైగ చేశాడు. ఇంకేముంది, ఆ అక్షరానికి అర్థం వడ్రంగి అనుకుని నా పనిముట్ల పెట్టె మీద ఉలితో లోతుగా చెక్కేశాను. అది చూసి ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. ఓనరు అడిగి చెప్పాడు, విశ్రాంతి అనట! మిషను ఆపితే ఆ బిళ్ల తగిలిస్తారట, కొట్టు తలుపుకి కడితే ఇవాళ సెలవనట! "తాత పెట్టెకి సెలవిచ్చేశాడ్రోయ్" అని పాలిష్ వాడు ఒకటే గోల. దాని మీద ఓనరు, "మీ పెద్దాడూ అదే అన్నాడు మేస్త్రీ, నిన్ను పని మాన్పించి పంపమని పొద్దున్నే ఫోన్ చేశాడు" అన్నాడు. అందరి ముందూ! చెట్టు దగ్గరికి మనిషి పోయేది కునకడానికట్రా? నా చెయ్యి ఇంకా వణకలేదు. కోడలి మోకాలి నొప్పి తగ్గిందా? నా పాత కళ్ళజోడు పంపు. చంటిదానికి నా ముద్దులు. శనివారం లోపల ఓనరుకి మళ్ళీ ఫోన్ చేసి, మా నాన్న పని మానడని నీ నోటితోనే చెప్పాలి. చెప్తావా, చెప్పవా? ఆ రోజుకి నాకు జవాబు అందాలి.

మీ నాన్న