కుడి ఛానెల్

మార్చి 2, ఆదివారం

అక్క గేమ్ కన్సోల్ విప్పాను. అరచేతిలో పట్టే బూడిదరంగు డబ్బా. చిన్నప్పుడు దీనికోసం మేమిద్దరం జుట్లు పట్టుకున్నాం. ఇప్పుడు అందులో పాటలు కట్టే కార్ట్రిడ్జ్ పెట్టి అక్క వాయిస్తుంది, నేను తనకి కుడివైపు సౌండ్ మిక్సర్ ముందు కూర్చుంటాను. బయట జనాల ఫోన్లు బాగుచేసుకునే దాన్నే అయినా, ఆ గంటసేపు నేనూ ఆర్టిస్టునే.

మేము వాయించే హాల్ మేనేజర్ పోయినసారి అన్న మాట ఇంకా కడుపులో మండుతోంది. పాట బాగానే ఉంది గానీ వెనకాల ఆ బుస ఏంటమ్మా, డబ్బాలో పాము దూరిందా అన్నాడు. పదిహేనో తారీకు శనివారం ఇంకోసారి చూద్దామన్నాడు. సౌండ్ శుభ్రంగా ఉంటే ఇకమీదట ప్రతి శనివారం మాదే. లేకపోతే ఆ శనివారాలు గడ్డానికి ఇచ్చేస్తాడట.

గడ్డం అంటే కీబోర్డు వాయించేవాడు. మొహం కన్నా అదే ముందు వస్తుంది. అక్కని తన బ్యాండ్‌లోకి రమ్మని అడిగాడు. అక్కని ఒక్కదాన్నే. మిక్సర్‌కి మాకు మనిషి ఉన్నాడండీ అని నా మొహం మీదే అన్నాడు.

చేయాల్సిన పని చిన్నదే. పాట పుట్టేచోట సౌండ్ శుభ్రంగానే ఉంటుంది. వాల్యూమ్ చక్రం దాటి, సౌండ్ పెంచే ఆంప్ దాటి హెడ్‌ఫోన్ జాక్ చేరేసరికి బుస పోగేసుకుంటుంది. అందుకని చక్రానికి ముందే ఎడమ ఛానెల్ నుంచి ఒక వైరు, కుడి ఛానెల్ నుంచి ఒక వైరు, గ్రౌండ్ నుంచి ఇంకోటి లాగి, పక్కన ఒక కొత్త జాక్‌కి కలపాలి. అదే లైన్-అవుట్. అది నా మిక్సర్‌కి వెళ్తుంది. పాత జాక్ జోలికి వెళ్లను, అక్క హెడ్‌ఫోన్ పెట్టుకుని వాయించడానికి అది కావాలి.

మార్చి 4, మంగళవారం, సాయంత్రం

అయిపోయింది. రెండు స్పీకర్లకి కలిపి విన్నాను. బుస లేదు. పాట ఆగినచోట నిజంగా ఆగింది. నా టంకం చుక్కలు నాకే ముద్దొచ్చాయి. ఒక్కొక్కటీ నున్నగా, గుండ్రంగా.

అక్క పళ్ల డాక్టర్ దగ్గర రిసెప్షన్‌లో పనిచేస్తుంది. ఇంటికి రాగానే చెప్పులైనా విప్పనివ్వకుండా కూర్చోబెట్టి రెండో పాట పెట్టాను. ఎడమ స్పీకర్ అడుగుతుంది, కుడి స్పీకర్ జవాబు చెబుతుంది. మా ఇద్దరి పోట్లాటలే అందులో కట్టింది అక్క.

విని, బాగుందే అంది. అంతే. బుస పోయిందా లేదా చెప్పవే అన్నాను. నా మొహంలోకి అలా చూసి, ఆ, పోయింది అంది. పాట వినమంటే మొహంలోకి చూడటమేంటి? అబద్ధం చెప్పేవాళ్లు కళ్లు తిప్పుకుంటారు. తను తిప్పుకోలేదు. అందుకే ఇంకా అనుమానంగా ఉంది.

నాకు అనుమానం ఎక్కువని అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా దెప్పుతుంది. పాలప్యాకెట్‌ని కూడా లైటుకి ఎత్తిపట్టి చూస్తానట. చూస్తాను. అయితే ఏంటి?

మార్చి 6, గురువారం

మూడు సంగతులు.

అక్క ఫోన్ ఎప్పుడూ కుడి చెవికి పెట్టుకునేది. ఇప్పుడు ఎడమ చెవికి పెడుతోంది. సోఫాలో నేను కూర్చునేది తనకి కుడిపక్కే. అంటే నాకు వినిపించకూడదనేగా.

బస్సులో ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం. రెండు స్టాపులు గడిచాక లేచి, నువ్విటు రావే అని నన్ను తనకి ఎడమవైపుకి మార్చింది. ఎందుకంటే ఎండ అంది. ఎండ నామీదే పడింది.

సాయంత్రం లేటుగా వచ్చింది. పేషెంట్లు ఎక్కువమంది ఉన్నారట. నేను అంతకుముందే క్లినిక్‌కి ఫోన్ చేశాను. మేడం మధ్యాహ్నమే వెళ్లిపోయారండీ, గడ్డం ఆయనెవరో బండి మీద వచ్చారు, అని కాంపౌండర్ పూసగుచ్చినట్టు చెప్పాడు.



మార్చి 7, శుక్రవారం

అక్క వేలికి బ్యాండేజ్. స్టవ్ తగిలిందట. ఈరోజు వంట చేసింది నేను.

మార్చి 9, ఆదివారం, పొద్దున

నా బెంచి మీద ఎవరో చెయ్యి పెట్టారు. సోల్డరింగ్ ఐరన్ మొన నల్లగా మాడి ఉంది. పని అయ్యాక మొన తుడిచి పెట్టడం నాకు పళ్లు తోముకోవడం లాంటిది. నేను కాదు.

కన్సోల్ తిప్పి చూశాను. వెనక ఒక స్క్రూ తల నలిగిపోయి ఉంది. వెంటనే విప్పేశాను.

నా లైన్-అవుట్ వైర్లు క్షేమం. కానీ పాత హెడ్‌ఫోన్ జాక్ దగ్గర ఒక ఎర్ర వైరు ముక్క. జాక్ ఎడమ పిన్నుకీ కుడి పిన్నుకీ కలిపి అతికించేశారు. ఆ టంకం చూస్తే ఏడుపొచ్చింది. శనగపిండి ముద్దలా ఇంత లావు, చుట్టూ కాలిన మరకలు. రెండు ఛానెళ్లూ కలిపేస్తే హెడ్‌ఫోన్‌లో ఎడమా కుడీ తేడా ఉండదు, అన్నీ రెండు చెవుల్లోకీ కలగాపులగంగా వస్తాయి. ఆంప్ మీద బరువు కూడా. ఏదో ఒకరోజు స్టేజి మీదే కాలి కూర్చుంటుంది.

ఇది గడ్డం పనే. మా శనివారం చెడగొట్టాలని. అక్కే ఇంట్లోకి రానిచ్చి, నా ఐరన్ చేతికిచ్చి ఉంటుంది. నా ఐరన్!

కట్టర్‌తో ఒక్క టక్. వైరు పీకి, ముద్ద లాగేసి, స్పిరిట్‌తో తుడిచి, కొత్త స్క్రూ వేశాను. ఎవరికీ చెప్పలేదు. దొంగ మళ్లీ వస్తాడుగా, అప్పుడు పట్టుకుంటాను.

మార్చి 11, మంగళవారం

ప్రాక్టీస్ నాశనం.

మొదటి పాట సరిగ్గానే వెళ్లింది. రెండో పాటలో ఎడమవైపు ప్రశ్న అయిపోయింది, కుడివైపు జవాబు నడుస్తుండగానే అక్క తర్వాతి ముక్క నొక్కేసింది. ఆపి మళ్లీ మొదలెట్టాం. మళ్లీ అదే. తన పాట, తను కట్టిన జవాబు, అది అక్కడ లేనట్టే వాయించింది.

నిద్రపోతున్నావా అని అరిచాను. వాల్యూమ్ చక్రం తిప్పుతూనే ఉంది. తర్వాత హెడ్‌ఫోన్ తీసి ఒళ్లో పెట్టుకుంది. మొహంలో రక్తం లేదు. శనివారం ఒక్కటీ కానిచ్చేద్దాం, ఆ తర్వాత నేను మానేస్తానే అంది.

మానేసి? అన్నాను. మానేస్తాను, అంతే అంది.

అంతే ఎందుకవుతుంది, గడ్డం ఉన్నాడుగా అనేశాను. అప్పుడు అక్క నవ్విన నవ్వు నాకు అర్థం కాలేదు. లేచి లోపలికి వెళ్లి తలుపేసుకుంది. తలుపు దగ్గర చెవి పెట్టాను. ఏడుస్తోంది. నన్ను వదిలి వెళ్లేది తను. ఏడవాల్సింది నేను. మరి తనెందుకు ఏడుస్తోంది?

మార్చి 12, బుధవారం

వల పన్నాను.

కన్సోల్ లైన్-అవుట్‌కి రికార్డర్ తగిలించి బెంచి కింద పెట్టాను. ఎర్రలైటు మీద టేపు అంటించాను. వైరు ఎలాగూ ఎప్పుడూ వేలాడుతూనే ఉంటుంది, ఎవరూ పట్టించుకోరు. హెడ్‌ఫోన్ పెట్టుకుని, చక్రం బాగా తగ్గించి వాయిస్తే బయటికి ఏమీ పోదనుకుంటారు. నా లైన్-అవుట్ చక్రానికి ముందుంది. చక్రం ఎక్కడున్నా దానికి ఒకటే సౌండ్ వెళ్తుంది.

బుధవారం అక్కకి సగంపూటే డ్యూటీ. స్పేర్ పార్టులు తేవాలని చెప్పి, తను వచ్చే టైమ్‌కి నేను బయటపడ్డాను. గడ్డం వస్తాడు. అక్క వాడికి మా పాటలన్నీ వినిపిస్తుంది. వీధి చివర టీకొట్లో కూర్చుని కాపలా కాశాను.

ఎవరూ రాలేదు.

మార్చి 13, గురువారం, మధ్యాహ్నం

అక్క డ్యూటీకి వెళ్లాక రికార్డింగ్ విన్నాను.

పాట లేదు. ఒకటే స్వరం. టూ. కాసేపాగి, టూ. ఎడమవైపు. నాలుగైదుసార్లు అయ్యాక అదే స్వరం కుడివైపుకి మారింది. టూ. టూ. టూ. ఆగదే! ఒకే స్వరం, ఒకే సౌండ్. పిచ్చి పట్టిందా దీనికి అనుకున్నాను. గడ్డానికి ఏదైనా సిగ్నల్ పంపుతోందేమో అని కూడా అనుకున్నాను. రాస్తుంటే సిగ్గుగా ఉంది, కానీ అనుకున్నాను.

కన్సోల్ బెంచి మీద అక్క వదిలేసినట్టే ఉంది. స్క్రీన్ మీద అదే స్వరం, కుడివైపుకి. హెడ్‌ఫోన్ పెట్టుకుని బటన్ నొక్కాను.

కుడి చెవిలో మేకు దిగినట్టయింది. హెడ్‌ఫోన్ విసిరికొట్టాను. చక్రం చివరిదాకా తిప్పి ఉంది.

ఆ సౌండ్ పెట్టుకుని అక్క అంతసేపు కూర్చుంది. చక్రం పెంచుకుంటూ, నొక్కుకుంటూ, పెంచుకుంటూ. రికార్డర్‌కి చక్రం సంగతి తెలియదు కాబట్టి నాకు అన్నీ ఒకేలా వినిపించాయి.

అక్కకి కుడి చెవి వినబడటం లేదు.

ఫోన్ ఎడమ చెవికి. బస్సులో నేను ఎడమవైపుకి. నా మొహంలోకి చూడటం, నా పెదాల కోసం. వేలికి బ్యాండేజ్. ఐరన్ అంటే ఆమడ దూరం పరిగెత్తే మా అక్క, నేను లేనప్పుడు నా బెంచి దగ్గర కూర్చుని, వేలు కాల్చుకుని, ఆ ఎర్ర వైరు వేసుకుంది. కుడివైపు జవాబు కూడా ఎడమ చెవిలోకి రావాలని.

దాన్ని నేను కత్తిరించాను. వైరు ఇంకా ఉందనే అనుకుంటోంది తను. వైరుండి కూడా వినబడలేదంటే మిగిలిన చెవి కూడా పోతోందనుకుంటోంది. మానేస్తానంది అందుకు.

క్లినిక్‌కి వెళ్తున్నాను. ఫోన్లో చెప్పే మాట కాదు.

మార్చి 13, సాయంత్రం

పరిగెత్తాను. వెయిటింగ్ రూమ్ నిండా బుగ్గలు వాచిన జనం. కౌంటర్‌కి ఎడమవైపుకి వెళ్లి నిలబడి, వైరు నేనే కత్తిరించానే, నీ ఎడమ చెవి బాగానే ఉంది అన్నాను. అక్కకి ఒక్క క్షణం పట్టింది. తర్వాత ఎత్తిన ఫోన్ ఎత్తినట్టే పట్టుకుని, నిజంగానా, నిజంగానా అని అడుగుతూనే ఉంది. అవతల ఫోన్లో ఎవరో హలో హలో అంటున్నారు. కౌంటర్ మీద తల పెట్టి ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను. పక్కన ముసలాయన, పన్ను పీకడం అంత నొప్పిగా ఉంటుందా అమ్మా అని భయంభయంగా అడిగాడు.

వైరు ఊడిందేమో అని అనుకోవచ్చు కదే అన్నాను. అంత ముద్ద పెట్టాక ఎలా ఊడుతుందనుకుందట. ఎడమవైపు స్వరం వినబడినా, చెవి కాసేపు పనిచేసి కాసేపు మానేస్తోందనుకుందట. నీకు మల్లేనే పెట్టాను అంది. అది విని నాకు వచ్చిన కోపం ఇంకోరోజు రాస్తాను.

కుడి చెవి పోయి రెండు వారాలైంది. జ్వరం వచ్చి తగ్గిందే, అప్పుడట. తిరిగి రాదన్నారట. ఎడమది గట్టిగానే ఉందని చెప్పారట. గడ్డం వాళ్ల నాన్నకి వినికిడి మెషిన్ ఉంది, ఆయన్ని చూసే చెవి డాక్టర్ దగ్గరికి అక్కని బండి మీద తీసుకెళ్లింది గడ్డమే. మంచివాడే అయ్యుండొచ్చు. ఆ గడ్డం మాత్రం నాకు నచ్చదు.

నాకెందుకు చెప్పలేదని అడిగాను. మిక్సర్ ముందు కూర్చునేది నువ్వు, సౌండ్ సరిగా లేకపోతే మొదట నా చెవినే అనుమానిస్తావు అంది. పాలప్యాకెట్‌నే నమ్మవు, ఒంటి చెవిదాన్ని నమ్ముతావా అంది.

 చాలా నొప్పేసింది. నిజం కాబట్టి.

మార్చి 14, శుక్రవారం

హెడ్‌ఫోన్ జాక్ దగ్గర రెండు రెసిస్టర్లు పెట్టి, ఎడమా కుడీ పద్ధతిగా కలిపాను. ఆంప్ మీద బరువు పడదు. లైన్-అవుట్ అలాగే విడివిడిగా ఉంది, హాల్లో జనానికి రెండువైపులా రెండూ వినిపిస్తాయి. చివరి చుక్క అక్క చేత పెట్టించాను. ముద్దే పెట్టింది. తీయలేదు.

రెండో పాట వాయించింది. జవాబు అయ్యేదాకా ఆగింది.

మార్చి 15, శనివారం

హాల్లో నా మిక్సర్ టేబుల్‌ని అక్కకి ఎడమవైపుకి మార్పించాను. ఎప్పుడూ కుడివైపే కదమ్మా, ఏంటి సంగతి అని మేనేజర్ అడిగాడు. ప్లగ్ పాయింట్ ఇటే ఉందన్నాను.

ఇటు ప్లగ్ పాయింట్ లేదు. నమ్మాడు.