పసుపు లైటు ఆరేదాకా

ఇంటి దగ్గర ఎదురుచూస్తున్న నీకు, దారిలో చిక్కుకుపోయిన నీ మొగుడు రాసేది,

సరుకు దింపేసి ఖాళీ లారీతో బయల్దేరాను. క్వారీ దాటగానే స్టీరింగు వెనక మీటర్ల పక్కన రెండు పసుపు లైట్లు వెలిగాయి. ఒకటి బ్రేకులది. రెండోది చక్రాలు జారకుండా చూసేది. చిన్న బండి బొమ్మ, దాని వెనక రెండు వంకర గీతలు. బ్రేకులు బాగానే పడుతున్నాయి. అయినా పోయినేడు కొండ దిగుడులో బండి అదుపు తప్పాక నీ నెత్తిన చెయ్యి పెట్టి ఒట్టేశాను కదా, లైటు వెలుగుతుండగా అడుగు కూడా నడపనని. అందుకే ట్రాక్టరుకి కట్టించి దగ్గర్లోని షెడ్డుకి లాగించాను.

ఇక్కడ ఫోను అందదు. సిమెంటు లారీ గడ్డం అన్న మన వీధి మీదుగానే తిరుగుతాడు కాబట్టి ఉత్తరం అతని చేతికిస్తున్నాను. నీ కుట్టుమిషను చప్పుడు లేకపోతే నాకు నిద్ర పట్టడం లేదు.

ఇట్లు,
నీ డ్రైవరు

తా.క. మెకానిక్ పెద్దాయన. బండి కింద దూరాక పని చేస్తున్నాడో నిద్రపోతున్నాడో బూట్లు కదిలితేగాని తెలియదు.

*

లైట్లు వేసుకుని కూర్చున్న శ్రీవారికి,

చదవగానే భయమేసింది. తర్వాత ఆ వంకర గీతల దగ్గర ఆగాను. వంకరగా పోతున్నామని బండే చెబుతోందంటే, నడిపే మనిషి ఏం తాగాడా అని. లేదంటారు, సరే. ఒకసారి ఆపి మళ్ళీ వేసి చూశారా? మన మిక్సీ అలాగే బాగుపడింది.

గడ్డం అన్న ఉత్తరంతో పాటు కబుర్లు కూడా మోసుకొచ్చాడు. షెడ్డు పక్క టీ కొట్టావిడ మీకు అడక్కుండానే రెండో గ్లాసు పోస్తుందట. పోయనివ్వండి, నాకేం. వీధిలో ఏ లారీ గేరు మార్చినా నేను మిషను ఆపి కిటికీలోంచి చూస్తున్నాను. మీ గేరు చప్పుడు నాకు బాగా తెలుసు. అయినా చూస్తున్నాను.

మీ మనిషి

తా.క. మీ సీటు నుంచి పెడళ్ళకి ఎంత దూరమో కొలిచి రాయండి. ఎందుకని అడక్కండి.

*

నన్ను అనుమానించే తీరిక దొరికిన మహాతల్లికి,

టీ కొట్టావిడకి మనవలున్నారు. రెండో గ్లాసు నా మొహం చూసి జాలితో పోస్తోంది.

జబ్బు దొరికింది. వెనక చక్రం లోపల ఒక పళ్ళ చక్రం, దాని పక్కనే అది ఎంత వేగంగా తిరుగుతోందో కనిపెట్టే సెన్సరు ఉంటాయి. క్వారీ గతుకులకి సెన్సరు వెనక్కి జరిగింది. ఆ ఒక్క చక్రం కబురు అందకపోయేసరికి రెండు లైట్లూ వెలిగాయి. పెద్దాయన ఫ్యూజులు చూసి, వైర్లన్నీ తడిమి, చివరికి సెన్సరు తుడిచి పళ్ళకి ఆనేదాకా లోపలికి నొక్కాడు. పని అయిపోయింది, లైట్లు మాత్రం ఆరలేదు. "కాస్త నడుపు, చక్రం తిరిగితే అదే ఆరుతుంది" అన్నాడు. మెకానిక్కులు వదిలించుకోవడానికి చెప్పే మాటే ఇది. ఆరితే నడుపుతానని నేను, నడిపితే ఆరుతుందని ఆయన. పోనీ తనే నడుపుతానన్నాడు. నా స్టీరింగు సొంత తమ్ముడికే ఇవ్వనని నీకు తెలుసు కదా.

ఇంకో మాట. నువ్వు రోజూ పొద్దున్నే ఎవరో మీసాలాయన లారీ ఎక్కి పోతున్నావని గడ్డం అన్న అన్నాడు. అబద్ధమని రాయి.

నీ డ్రైవరు

తా.క. దూరం కొలిచాను. నాకు సరిగ్గా సరిపోతుంది, నీ కాళ్ళయితే గాలిలో వేలాడతాయి. సీటు కవరు కుడుతున్నావా? ఎరుపు మాత్రం వద్దు.

*

తమ్ముడికి కూడా స్టీరింగు ఇవ్వని మహానుభావుడికి,

లారీ ఎక్కుతున్న మాట నిజం. మీసాల మాటా నిజమే. ఆయన అరుస్తాడు, నేను వింటాను. మిగతాది ఉత్తరంలో రాసేది కాదు.

ఒట్టు తీసి గట్టున పెట్టి రమ్మని రాద్దామని ఎన్నిసార్లు కూర్చున్నానో. రాయలేకపోయాను. కొండ దిగుడు సంగతి మీరు నవ్వుతూ చెప్పారు. ఆ రోజు చొక్కాకి ఒక్క గుండీ లేదు. వాటిని మళ్ళీ కుట్టింది నేను. రండి అని రాయడానికి చెయ్యి రావడం లేదు. ఉండండి అని రాయడానికి మనసు రావడం లేదు.

మీ మనిషి

తా.క. కుడుతున్నది కవరు కాదు, దిండు. ఎరుపే.

*

మీసాలాయనకి, కాదు, నీకు,

అరుస్తాడా? నా భార్య మీద అరవడానికి ఆయనెవరు? నేనే ఎప్పుడూ అరవలేదు, ధైర్యం చాలక.

నిన్న ఒట్టు గిట్టు జాన్తానై అని సీటెక్కి తాళం తిప్పాను. రెండు లైట్లూ వెలిగాయి. నీ నెత్తి గుర్తొచ్చింది. తాళం తీసి జేబులో వేసుకుని దిగిపోయాను.

నీకెప్పుడూ చెప్పలేదు. దారి పొడుగునా పక్క సీట్లో నా సంచీ పెట్టుకుని, నువ్వే అనుకుని దాంతో మాట్లాడుతుంటాను. అది ఎదురు చెప్పదు, అదొక్కటే తేడా. నిన్ను చూడాలనుంది. అంతకన్నా రాయడం నాకు రాదు.

నీ డ్రైవరు

తా.క. నేనూ మీసాలు పెంచుతున్నాను. టీ కొట్టావిడ మనవడు నన్ను చూసి ఏడ్చాడు.

*

సంచీతో కాపురం చేస్తున్న మా ఆయనకి,

మీసాలాయన డ్రైవింగు స్కూలు మాస్టారు. మీకు తెలియకుండా చాన్నాళ్ళుగా నేర్చుకుంటున్నాను. పెద్ద బళ్ళ లైసెన్సు మొన్న చేతికొచ్చింది. కిటికీలోంచి చూడటం ఇక నా వల్ల కాదు, అందుకే నేర్చుకున్నాను. దిండు వేసుకుంటే కాళ్ళు అందుతున్నాయి.

మీ లైట్ల సంగతి మాస్టారిని అడిగాను. పెద్దాయన మాటే నిజమట. సెన్సరు సరిచేశాక చక్రం తిరిగితేనే, కబురు అందిందని బండికి నమ్మకం కుదిరి లైటు ఆర్పుతుందట. బ్రేకులు పెద్దాయన చేత ఇంకోసారి చూపించండి. షెడ్డు ముందు ఖాళీ జాగాలో తిప్పితే సరిపోతుంది. నడపనని ఒట్టేసింది మీరు. నేను వెయ్యలేదు.

గడ్డం అన్న ఈ ఉత్తరం మీకిచ్చేసరికి నేను బయట అతని లారీలోనే కూర్చుని ఉంటాను. మీ ఎదుట నిలబడి ఇదంతా చెప్పబోతే ఏడుపొచ్చేస్తుందని రాశాను. చదవడం అయ్యాక తాళాలు పట్టుకుని రండి. సంచీ వెనక్కి పడేసి పక్క సీట్లో కూర్చోండి.

మీ డ్రైవరు

తా.క. లైటు ఆరగానే స్టీరింగు మీకిచ్చేస్తానని ఆశపడకండి. ఇంటిదాకా చూసి, మీ ప్రవర్తనని బట్టి ఆలోచిస్తాను.