గట్టయ్య పేరుతో ఫోన్

సార్‌కు నమస్కారాలు.

ఎదురుగా నిలబడి చెప్పే ధైర్యం లేక ఇది రాసి మీ బల్ల మీద పెడుతున్నాను.

ధర్మసాగర్ గట్టయ్య పొలం అమ్మిన పైసలను, హనుమకొండ ప్లాటు రిజిస్ట్రేషన్ అయ్యేదాకా మీ దగ్గర ఉంచమని తెచ్చిన రోజు నేను రసీదు రాయబోయాను. ఆయనే వద్దన్నాడు. "వకీలు సాబును చీటీ అడుగుతరా బిడ్డా? ఇజ్జత్ తీసినట్టయితది" అన్నాడు. మీరు నవ్వారు. చదువురాని మా నాయనైనా అదే మాట అనేవాడు.

ఆ పైసలు మీ కొత్త ఇంటికి వాడుకున్నారు. ప్లాటు వేరేవాళ్లకు పోయింది. మొన్న చలికాలంలో గట్టయ్య చనిపోయాడు. అయినా ఆఫీసు సెల్లులో ఆయన పేరే వెలుగుతోంది. ఆయన భార్య రాజక్క ఆ నంబరు నుంచే చేస్తుంది.

"పైసలు సారు దగ్గర పైలంగనే ఉన్నయ్ గద బిడ్డా?" అంటుంది. మీరు చెప్పమన్నట్టే "ఉన్నయ్ పెద్దమ్మా" అంటూ వచ్చాను.

ఆమె పైసలు ఆమెకు ఇచ్చెయ్యండి సార్. లేకపోతే బార్ కౌన్సిల్‌కు ఆమె తరఫున ఫిర్యాదు నేనే రాస్తాను. రసీదు లేదు కనుక సాక్షిగానూ నేనే నిలబడతాను.

ఇది రాస్తుండగానే మళ్లీ గట్టయ్య పేరు మోగింది. ఈసారి నిజం చెప్పాను. రాజక్క ఏడుస్తుందనుకున్నాను. ఆమె గొంతు తగ్గించి అంది:

"జర మెల్లగ చెప్పు బిడ్డా, మా ఆయన ఇంటడు."

మీ జూనియర్